వకీలును మార్చవలసి వస్తే

రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తిన్నవారికి ఆసుపత్రి బాధ కొన్ని నెలలు. కోర్టు బాధ కొన్నేళ్లు. థర్మల్ కేంద్రానికి వచ్చే లారీలు, హైదరాబాదు వెళ్లే బస్సులు మన శక్తినగర్ మీదుగానే నడుస్తూ ఉంటవి గనుక, రాయచూరులో నష్టపరిహారపు దావా వేసుకొనే అవసరం మనలో ఎవరికైనా రావచ్చు. అటువంటి చోట తరచు వినవచ్చే మాట ఒకటున్నది: “వకీలుగారు పలకడం లేదు, మార్చుదామంటే కాగితాలన్నీ ఆయన దగ్గరనే ఉన్నవి.”

ఈ భయం అక్కరలేదని మా మనవి. వకాల్తా అంటే మన తరఫున మాట్లాడమని ఇచ్చిన అధికారమే గాని, కేసును రాసి ఇచ్చిన దస్తావేజు కాదు. మధ్యప్రదేశ్‌లో ఒక సహకార బ్యాంకు 1993లో తన న్యాయ సలహాదారును మార్చుకొన్నది. తనకు రావలసిన 97,100 రూపాయల ఫీజు ముట్టేదాకా ఫైళ్లు ఇవ్వనని ఆయన పట్టుబట్టారు. ఫీజు బాకీకి ఫైళ్లు తాకట్టు కావనీ, అడిగినప్పుడు ఇవ్వకపోవడం వృత్తి దోషమనీ 2000లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. న్యాయంగా రావలసిన ఫీజుకు వకీలు వేరే దావా వేసుకోవచ్చును. పరిహారంలో ఇంత వంతు అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం.

అయితే మార్చే పద్ధతి ఒకటున్నది. ముందు కేసు నంబరు, రాబోయే వాయిదా తెలుసుకొని, ఆలస్యం ఎవరివల్లనో విచారించాలి. దోషం వకీలుది కాకపోవచ్చు. మార్చక తప్పదనుకొంటే, ఫైలు తిరిగి ఇమ్మని స్పీడ్ పోస్టులో ఉత్తరం వ్రాసి, నకలు దాచుకోవాలి. పాత వకీలు సమ్మతి సంతకం చేస్తే కొత్తవారు వకాల్తా దాఖలు చేస్తారు. చేయనంటే, కారణం చెప్పి కోర్టు అనుమతి పొందవచ్చు. ఫైలు ఇవ్వకుంటే బెంగుళూరులోని కర్ణాటక రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు.

వకీలును మార్చామని గడువు ఆగదు. ప్రమాదం జరిగిన 6 నెలల లోపల దావా వేయాలన్న నియమం 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దానిపై కోర్టులలో వాదాలున్నా, ఆ గడువునే నమ్ముకొనుట క్షేమం. సాక్ష్యం చెప్పవలసిన రోజుకు ముందురోజు వకీలును మార్చడం మంచిది కాదు.

డబ్బు లేదని వెనుదీయనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పారిశ్రామిక కార్మికులకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఉచితంగా వకీలును ఇస్తారు. రాయచూరు జిల్లా న్యాయసేవల సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు.

చివరకు ఇంటి పెద్దలకు మా సలహా ఒక్కటే. పోలీసువారి ఎఫ్.ఐ.ఆర్., గాయాల సర్టిఫికెట్టు, ఆసుపత్రి బిల్లులు, అంగవైకల్యపు ధ్రువపత్రం మొదలైనవాటి నకళ్లు మొదటి రోజునుండే ఇంట్లో ఒక సంచిలో భద్రపరచండి. అవి చేతిలో ఉంటే, ఏ వకీలు వద్దకైనా ధైర్యంగా వెళ్లవచ్చును.