కుండీలో అజుకి: అపోహలు – వాస్తవాలు

మన బూరెల్లో శనగపప్పు పూర్ణం ఎలాగో, జపాన్ మిఠాయిల్లో ఉడికిన అజుకి గింజల తీపి ముద్ద అలాగ. ఆ ఎర్రటి గింజల్ని మిద్దెతోటలో వేసి చూద్దామనుకునేవాళ్లు ముందు కొన్ని అపోహలు వదిలించుకోవాలి.

అపోహ: ఇది చిట్టి రాజ్మా.
కాదు. రాజ్మా అమెరికా ఖండాలది, అజుకి తూర్పు ఆసియాది. మన మినుము, పెసర, అలసందలకు దగ్గరి చుట్టం. పసుపు పూలు చూస్తేనే పోలిక తెలుస్తుంది. సాధారణంగా పొదలా పెరుగుతుంది, పందిరి అక్కర్లేదు.

అపోహ: గింజ బద్దలు పైకి రాలేదంటే మొలవనట్టే.
పెసర మొలిస్తే బద్దలు కాడతోపాటు పైకి లేస్తాయి. అజుకి బద్దలు మట్టిలోనే ఉండిపోతాయి, పైకొచ్చేది కాడా ఆకులే. పైగా తోలు గట్టిది, నీళ్లు మెల్లగా పీలుస్తుంది. తొందరపడి తవ్వి చూస్తే లేత కాడ విరగడం ఖాయం. అంగుళం లోతున వేసి, మట్టి ఆరకుండా చూడండి. చిత్తడి చేస్తే గింజ కుళ్లుతుంది.

అపోహ: పప్పుజాతికి ఎరువే వద్దు, పక్క మొక్కకూ నత్రజని పంచుతుంది.
సగమే నిజం. వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. ఆ బుడిపెలు పని మొదలుపెట్టేదాకా మొక్కకు మట్టే దిక్కు. భాస్వరమైతే ఎప్పుడూ మట్టిలోంచే రావాలి. అందుకని చివికిన పశువుల ఎరువు కలపండి. యూరియా జోలికి పోవద్దు: ఆకు ఏపుగా పెరుగుతుంది, బుడిపెలు తగ్గుతాయి. ఇక పక్క మొక్కకు చేసే దానం తక్కువే. పట్టిన నత్రజనిలో చాలా భాగం గింజల్లోకి పోతుంది, ఆ గింజల్ని మనం కోసుకుంటాం. కాపయ్యాక మొక్కను పీకకుండా మొదలు కోసేస్తే, వేళ్లలో ఉన్నదైనా మట్టికి దక్కుతుంది.

అపోహ: ఎండ దండిగా ఉంటే ఏ నెలలోనైనా కాస్తుంది.
అసలు దెబ్బ తినేది ఇక్కడే. జపాన్ అజుకిలో సింహభాగం ఉత్తరాన ఉన్న చల్లటి హొక్కైదో దీవిలో పండుతుంది. అక్కడ మే చివర్లో విత్తి సెప్టెంబరు, అక్టోబరుల్లో కోస్తారు. గడ్డకట్టే మంచును ఆ మొక్క తట్టుకోదు, మన వేసవికి పూత రాల్చేస్తుంది. మనకు వానలు వెనకబట్టాక అక్టోబరులో వేసుకోవడం మేలు. పగటి పొద్దు తక్కువగా ఉండే రోజుల్లో పూసే జాతి కాబట్టి, పొట్టిగా ఉండగానే పూత వస్తే కంగారు పడొద్దు.

అపోహ: డబ్బా మూత బిగిస్తే పుచ్చదు.
పుచ్చు పురుగు కాయ మొక్క మీద ఉండగానే గుడ్లు పెట్టగలదు. గింజల్ని బాగా ఎండబెట్టి, వారం రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, ఆ తర్వాతే నిల్వ చేయండి.

ఒకటి రెండు కుండీలకు వచ్చేది గుప్పెడు గింజలే. సరదాకైతే అజుకి వేయండి. కూరకు సరిపడా కావాలంటే అలసందలు వేసుకోండి, అవి మన ఎండకు బెదరవు.