యడాగమము వంటి అడుగు

రాజమహేంద్రవరమున, గోదావరి గట్టునకు నాలుగు వీధుల యెడమున నున్న మా పెంకుటింటి చావడిలో, ఉయ్యాలబల్లను గొలుసులనుండి విప్పి గోడకు చేరవేసి, గచ్చుమీద సుద్దముక్కతో గీచిన పాదముద్రల నడుమ నిలిచి, అరువదియేండ్లు దాటిన నేనును నా భార్యయు వాల్ట్జ్ నృత్యము నభ్యసింప మొదలిడి పదునొకండు దినములైనది. అందు తొమ్మిది దినములు మూడే మూడడుగులకు సరిపోయినవి. గురువు మా అన్నగారి కుమార్తె. మెల్బోర్నునుండి సెలవులకు వచ్చినది.

తాళము నాకు అడ్డుపడలేదు. నిమిషమునకు 28 మొదలు 30 ఆవృత్తముల వరకు సాగు ఆ మూడు మాత్రల నడక, ‘తకిట’ యని చిన్ననాడే చేతిపై వేసికొన్న తిశ్రమే గదా! చిక్కంతయు కాళ్లలెక్కలో నున్నది. పురుషుడు కుడికాలు ముందుంచి కుడివైపునకు తిరుగు ఆరడుగుల వరుసకు నేచురల్ టర్న్ అని పేరు. (కుడివైపు తిరుగుటయే సహజమన్నది మనవారొక్కరి నమ్మకమే యనుకొంటిని!) ఎడమకాలితో మొదలై ఎడమకు తిరుగునది రివర్స్ టర్న్. మొదటి దానిలో ఆరడుగులును ముగియుసరికి మరల కుడికాలే ఖాళీగా నుండును. రెండవదానికి కావలసినది ఎడమకాలు. ఎన్నిమార్లు కుడికి తిరిగినను ఎడమకు తిరుగు అధికారము రాదు. అందులకై నడుమ క్లోజ్డ్ చేంజ్ అను మూడడుగులను నిలిపినారు: కుడికాలు ముందునకు, ఎడమకాలు ప్రక్కకు, కుడికాలు దానిచెంతకు. తిరుగుట లేదు, సొగసు లేదు, చూచువారికి కానవచ్చు విశేషమేదియు లేదు. కాని అటుపై ఎడమకాలు స్వేచ్ఛ నొందును.

వాగనుశాసనుడు భారతమునకు శ్రీకారము చుట్టిన ఊరివాడను గనుక నాకు వ్యాకరణమే స్ఫురించినది. ‘మా’, ‘అమ్మ’ అను రెండు మాటల నడుమ సంధి కలుగనిచోట, స్వరమునకు స్వరము తగిలి నోరు తడబడకుండ, అర్థమేమియు లేని యకారమొకటి వచ్చి ‘మాయమ్మ’ యగును. దానినే యడాగమ మందుము. ఈ మూడడుగులును అట్టి యకారమే.

అర్థమైనది గాని అబ్బలేదు. మూడవ అడుగున కుడికాలు ఎడమదాని ప్రక్కకు చేరినంతనే పని ముగిసినదని భ్రమించి, దేహభారమును ఎడమకాలిమీదనే వదలివేయుచుంటిని. అంతట మరల కుడికాలే లేచి నా భార్య పాదముపై పడుచుండెను. “అలాక్కాదండీ బాబాయ్, కాలు చేరింది గానీ బరువు చేరలేదు,” అని ఆ పిల్ల నూరుమార్లన్నది. బాల్యమున కూచిపూడి నేర్చిన నా భార్యకు వేరొక పీడ: మాత్ర వినబడగానే మడమ నేలను తాటించును, అరమండిలో ఒకే యెత్తున నిలుచుటకు అలవడిన దేహము, వాల్ట్జ్‌లో రెండవ, మూడవ అడుగులకు మునివ్రేళ్లమీదికి తేలి, ఆవృత్తాంతమున మరల దిగవలెననగా మొగము ముడుచుకొనును.

ఈ నృత్యమును 1816లో యువరాజు విందున ఆడినందుకు లండనులోని టైమ్స్ పత్రిక సిగ్గుమాలిన పరదేశి పోకడయని మండిపడినది. శతాబ్దము గడచి, 1922లో విక్టర్ సిల్వెస్టర్ ఆ నగరముననే ప్రపంచవిజేత యగుటయు, 1924లో ఇంపీరియల్ సొసైటీ ఆఫ్ టీచర్స్ ఆఫ్ డ్యాన్సింగ్ బాల్‌రూమ్ శాఖను నెలకొల్పుటయు జరిగి, అడుగులన్నియు పాఠ్యగ్రంథముల కెక్కినవి. మా ఊరి చరిత్ర ఇట్లు నడువలేదు. కందుకూరి వీరేశలింగముగారు భోగము మేళములపై ఎత్తిన ధర్మాగ్రహమును తప్పుపట్ట నేను చాలను. ఆ స్త్రీల బ్రతుకులలోని దుఃఖము కల్ల కాదు. కాని 1947 నాటి మదరాసు దేవదాసీ చట్టము వారి నాట్యమునకు కోవెల వాకిలి మూసినప్పుడు, అచ్చటినుండి రంగస్థలమునకు దాటుటకు నడిమి అడుగొకటి వారికెవ్వరును చూపలేదు. బల్లిపాడు మదనగోపాలస్వామి సన్నిధిని ఆడిన సరిదె మాణిక్యమ్మవంటి వృద్ధుల జ్ఞాపకమునుండి నర్తకి స్వప్నసుందరి ఆ నాట్యమును విలాసినీనాట్యమను పేర ఏరి కూర్చుకొనవలసి వచ్చినది. కాలు ఇటు, బరువు అటు అయినది.

పదునొకండవ నాటి రాత్రి వివాదమొకటి పుట్టినది. జంటలన్నియు గది చుట్టును ఎడమచేతివైపుగా, అనగా గడియారపు ముల్లునకు ఎదురుగా, సాగవలెనట.

“ఇదేంటే, అప్రదక్షిణమా?” అన్నది నా భార్య.

“అందరూ అటే వెళ్తారు పిన్నీ, లేకపోతే గుద్దుకుంటారు.”

“ఉన్నది మేమిద్దరమే కదే!”

అయినను సాగితిమి. వీధివాకిలి మొదలు దేవుని గూటిదాక కుడికి తిరిగితిమి, గూటియెదుట మూడడుగులు, మూడవదానియందు నా భారమంతయు కుడికాలిమీదికి దిగుట తెలిసినది. ఎడమకాలు తనంత తానే లేచినది. వంటయింటి గడపదాక ఎడమకు తిరిగి నిలిచితిమి.

“మళ్లీ వెయ్యవే ఆ పాట,” అన్నది నా భార్య.

ఉయ్యాలబల్ల ఇంకను గోడకే చేరబడి యున్నది.