నీళ్ల గోళం నుంచి కొల్లేటి గట్టు దాకా

చలికాలంలో కైకలూరు పక్కన కొల్లేరు సరస్సులోని ఆటపాక పక్షుల కేంద్రానికి వెళితే, గట్టు మీద వరసగా పొడుగాటి టెలిఫొటో లెన్సులు కనిపిస్తాయి. 400, 600 మిల్లీమీటర్ల గొట్టాలు. అవి తీసే బొమ్మలు అందంగానే ఉంటాయి. గూడబాతు ముక్కు మీది మచ్చలు లెక్కపెట్టుకోవచ్చు. కానీ ఆ పక్షి ఏ ఊళ్లో వాలిందో బొమ్మను చూసి చెప్పలేం. వెనకంతా మెత్తగా కరిగిపోయిన పచ్చరంగు. అదే బొమ్మ నేలపట్టు పక్షుల కేంద్రంలో తీసినా అలాగే ఉంటుంది. అటవీ శాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్లు, వాటి మీద గూళ్లు, కింద నీరు, నీటికి అవతల గట్టు, గట్టు వెనక చేపల చెరువు, వీటన్నిటినీ కప్పిన ఆకాశం ఒకచోట చేరితేనే అది కొల్లేరు. పక్షి బతికే చోటును కూడా బొమ్మలోకి తెచ్చే పరికరం మరొకటి ఉంది. అదే వైడ్ యాంగిల్ జూమ్. మన దగ్గర దాన్ని కొన్నవాళ్లు చాలామందే ఉన్నా, దాని పని దానితో చేయించుకుంటున్నవాళ్లు తక్కువని నా అభిప్రాయం.

ఎక్కువ మేర కనిపించాలన్న కోరిక ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తలోనే మొదలైంది. 1859లో థామస్ సట్టన్ అనే ఆంగ్లేయుడు గాజు గోళంలో నీళ్లు నింపి లెన్సు చేశాడు. దాదాపు 120 డిగ్రీల దృశ్యం అందులో పట్టేది. గోళం వేసే బొమ్మ వంపుగా పడుతుంది కాబట్టి గాజు ఫలకాలను కూడా వంచి వాడాల్సి వచ్చింది. 1861లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ రంగుల సిద్ధాంతాన్ని నిరూపించడానికి చూపిన తొలి రంగుల ఛాయాచిత్రాన్ని తీసిపెట్టింది కూడా ఈ సట్టనే.

1900లో జర్మనీలో గోయర్జ్ సంస్థకు ఎమిల్ ఫాన్ హోగ్ రూపొందించిన హైపర్‌గాన్ ఇంకా విచిత్రమైనది. అర్ధగోళాల్లా వంగిన రెండు పలచని గాజు ముక్కలు, అంతే. సుమారు 135 డిగ్రీలు, అదీ చదునైన ఫలకం మీదే. గీతలు గీతల్లాగే వచ్చేవి. చిక్కల్లా వెలుగుతో వచ్చింది. లెన్సు ఇరుసు నుంచి పక్కకు జరిగేకొద్దీ ఫలకం మీద పడే వెలుగు ఆ కోణపు కొసైన్ విలువకు నాలుగో ఘాతం చొప్పున పడిపోతుంది. 45 డిగ్రీల దగ్గర నాలుగో వంతే మిగులుతుంది. హైపర్‌గాన్ అంచుల్లో ఇది దాదాపు యాభయ్యో వంతు. అంచులు నల్లబడకుండా లెన్సు ముందు నక్షత్రం ఆకారంలో చిన్న రేకు చక్రం పెట్టి, రబ్బరు బల్బుతో గాలి ఊది తిప్పేవారు. మధ్యకు వచ్చే వెలుగును అది కొంతసేపు అడ్డుకునేది. ఆ తర్వాత దాన్ని కిందికి దించి మిగతా ఎక్స్‌పోజర్ పూర్తి చేసేవారు. వెలుగును ఊపిరితో సరిచేయాలనుకున్న ఆ మనిషి మీద నాకు చెప్పలేనంత గౌరవం.

ఆ వంపు గాజుల ఆలోచనే 1933లో త్సైస్ సంస్థలో రాబర్ట్ రిక్టర్ చేతిలో టోపోగాన్ అయింది. అది విమానం నుంచి నేలను కొలిచే లెన్సు. అమెరికాలో దీని దారిలోనే వచ్చిన మెట్రోగాన్ రెండో ప్రపంచ యుద్ధంలో పటాలు గీయడానికి ఆకాశమంతా తిరిగింది. వైడ్ యాంగిల్ అనేది మొదట అందం కోసం కాదు, భూమి లెక్క కోసం ఎదిగిందన్నది గుర్తుంచుకోవాలి. ఆ సంగతి మళ్లీ చివర్లో పనికొస్తుంది.

ఇక అసలు మలుపు. దూరపు దృశ్యాన్ని పట్టాలంటే మామూలు కటకం ఫిల్ముకు తన నాభ్యంతరమంత దూరంలో ఉండాలి. 20 మిల్లీమీటర్ల లెన్సయితే 20 మిల్లీమీటర్లు. కానీ ఎస్ఎల్ఆర్ కెమెరాలో ఫిల్ము ముందు అద్దం ఊగుతుంటుంది. నికాన్ ఎఫ్ కెమెరాలో లెన్సు కూర్చునే అంచుకూ ఫిల్ముకూ మధ్య 46.5 మిల్లీమీటర్లు, కేనన్ ఈఎఫ్‌లో 44. లెన్సుకు లోపలికి వెళ్లే దారే లేదు. దీనికి జవాబు అప్పటికే సినిమావాళ్ల దగ్గర ఉంది. టెక్నికలర్ కెమెరాలో లెన్సు వెనక రంగులు విడదీసే పట్టకం ఉండేది. దానికి చోటు మిగల్చడానికి ఇంగ్లండులో టేలర్ హాబ్సన్ సంస్థకు చెందిన హెచ్. డబ్ల్యు. లీ 1931లోనే టెలిఫొటోను తిరగేశాడు. ముందు పుటాకార కటకాల గుంపు, వెనక కుంభాకార కటకాల గుంపు. ముందు గుంపు వెలుగును విరజిమ్ముతుంది, వెనక గుంపు దాన్ని పోగు చేసి దూరంగా పడేస్తుంది. నాభ్యంతరం చిన్నదే, కానీ లెన్సు మాత్రం ఫిల్ముకు దూరంగా ఉండగలుగుతుంది. ఇంటి తలుపుకు బిగించే పీప్‌హోల్ ముందు గాజు కూడా ఇలాంటి పుటాకారమే. 1950లో ఫ్రాన్సులో పియేర్ ఆంజెన్యూ ఇదే పద్ధతిలో స్టిల్ కెమెరాకు 35 మిల్లీమీటర్ల లెన్సు చేసి ‘రెట్రోఫోకస్’ అని పేరు పెట్టాడు. ఇవాళ ఎస్ఎల్ఆర్ వైడ్ లెన్సులన్నీ ఆ వంశమే.

జూమ్ కథ వేరే దారిలో నడిచింది. 1932లో టేలర్ హాబ్సన్ వారి ‘వారో’ జూమ్ సినిమా కెమెరాకు 40 నుంచి 120 మిల్లీమీటర్ల దాకా జరిగేది. స్టిల్ కెమెరాకు 1959లో ఫ్రాంక్ బ్యాక్ రూపొందించిన ఫోక్ట్‌లాండర్ జూమార్ వచ్చింది, 36 నుంచి 82. అయితే 36 అంటే అంత వెడల్పేమీ కాదు. వెడల్పు వైపున్న జూమ్ ఇంత ఆలస్యం కావడానికి కారణం ఉంది. ముందు పుటాకారం, వెనక కుంభాకారం అన్న అమరికలో రెండు వైపులా తూకం ఉండదు. అందుకని తిన్నని గీతలు పొట్ట ఉబ్బినట్టు వంగుతాయి. ఒక నాభ్యంతరం దగ్గర ఆ వంపును సరిచేస్తే మరో నాభ్యంతరం దగ్గర అది లోపలికి నొక్కుకుపోతుంది. చేత్తో లెక్కలు వేసే రోజుల్లో తెగే చిక్కు కాదది, కంప్యూటర్లు కావలసి వచ్చాయి. గాజు పూత ఇంకో అవసరం. పూత లేని గాజు ఒక్కో ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది. ముప్పై ఉపరితలాలు దాటేసరికి మూడో వంతు కూడా మిగలదు. మిగిలింది కూడా లోపలే అటూఇటూ కొట్టుకుని బొమ్మను పాలిపోయేలా చేస్తుంది. 1935లో త్సైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మాకులా కనిపెట్టిన పూతే జూమ్‌లను బతికించిందని నేనంటాను.

1975లో నికాన్ 28-45 తెచ్చింది. ఆ కంపెనీ తొలి వైడ్ జూమ్ అదే. 1978లో కేనన్ 24-35 వచ్చింది. అందులో గోళాకారం కాని వంపుతో అరగదీసిన కటకం ఉంది. 2003లో సిగ్మా 12-24, 2007లో నికాన్ 14-24. ఈ చివరిది దాదాపు కిలో బరువు. ముందు గాజు గుడ్డులా ఉబ్బి ఉంటుంది, మామూలు ఫిల్టరు పట్టదు. ఆ తర్వాత అద్దమే పోయింది. మిర్రర్‌లెస్ కెమెరాల్లో లెన్సు కూర్చునే అంచుకూ సెన్సర్‌కూ మధ్య దూరం నికాన్ జెడ్‌కు 16 మిల్లీమీటర్లు, సోనీకి 18, కేనన్ ఆర్ఎఫ్‌కు 20. సెన్సర్ దగ్గరికి గాజు చేరగలిగింది. అందుకే 2019లో వచ్చిన నికాన్ జెడ్ 14-30 సుమారు 485 గ్రాములే ఉంది, పైగా ముందు 82 మిల్లీమీటర్ల ఫిల్టరు బిగించుకోవచ్చు. వంపుల్ని సరిచేసే పని కొంత కెమెరాలోని సాఫ్ట్‌వేర్ మీదకు మారింది.

షాపులో అడిగితే చెప్పే పేర్లు మాత్రం కొండవీటి చాంతాడే: కేనన్ ఈఎఫ్-ఎస్ 10-18 ఎంఎం ఎఫ్/4.5-5.6 ఐఎస్ ఎస్‌టీఎం. ఇందులో కొనేవాడు మొదట చూడాల్సింది తన కెమెరా సెన్సర్. ఫుల్ ఫ్రేమ్‌కు 16-35 ఎంతో, చిన్న సెన్సర్‌కు 10-20 లేదా 10-24 అంత. 16 దగ్గర మూలనుంచి మూలకు 107 డిగ్రీలు, 24 దగ్గర 84, 35 దగ్గర 63. ఈ కొసలో ఒక్కో మిల్లీమీటరూ విలువైనదే. 16కూ 18కీ తేడా కంటికి తెలుస్తుంది, 70కీ 72కీ తెలియదు. ఎఫ్/2.8 కోసం ఎక్కువ బరువు మోయడం, ఎక్కువ ధర పెట్టడం రాత్రి ఆకాశమో, పెళ్లి మండపమో తీసేవారికి సబబు. పగటి పూట చెరువు గట్టు మీద తిరిగేవారికి ఎఫ్/4 చాలు. మన డెల్టా గాలిలో అంతకన్నా ముఖ్యమైనవి రెండున్నాయి. ఒకటి, తేమ, దుమ్ము లోపలికి పోకుండా అతుకుల దగ్గర రబ్బరు సీలు ఉందా అన్నది. రెండోది, ఇంటికొచ్చాక లెన్సును సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టే అలవాటు. తోలు సంచిలో మడిచి బీరువాలో దాస్తే గాజు మీద బూజు పడుతుంది, పూతను తినేస్తుంది.

ఇక వాడకం. వైడ్ అంటే ఎక్కువ పట్టడానికే అనుకుంటే కొల్లేట్లో బొమ్మ ఖాళీగా వస్తుంది. పల్లపు నేల, కొండల్లేవు. 16 పెట్టి గట్టు మీద నిలబడి నొక్కితే పైన సగం తెల్లటి ఆకాశం, కింద సగం బూడిదరంగు నీరు, మధ్యలో దారప్పోగంత ఊరు. ఈ లెన్సు దగ్గరికి వెళ్లడానికి ఉంది. తాటి దోనె ముక్కును మీటరు దూరం నుంచి అర మీటరుకు తెస్తే బొమ్మలో అది రెట్టింపవుతుంది. వెనకున్న లంక గ్రామం మాత్రం ఉన్నంతే ఉంటుంది. దోనె ఎవరిదో, ఏ నీటి మీద తిరుగుతుందో రెండూ ఒకే బొమ్మలో చెప్పొచ్చు. ఫోకస్ చింత కూడా తక్కువే. ఫుల్ ఫ్రేమ్ మీద 16, ఎఫ్/8 పెట్టి సుమారు మీటరు దూరంలో ఫోకస్ చేస్తే, అర మీటరు నుంచి కనుచూపు మేర దాకా స్పష్టంగా ఉంటుంది.

కొల్లేరు అభయారణ్యం హద్దును సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీతతో నిర్ణయించారు. నిలబడ్డ మనిషి కంటి ఎత్తు కూడా ఇంచుమించు అంతే. కెమెరాను తిన్నగా పట్టుకుంటే క్షితిజ రేఖ లెన్సు ఎంత ఎత్తున ఉందో సరిగ్గా అంత ఎత్తులో ప్రతి వస్తువునూ కోస్తుంది. ఇది జ్యామితి, దీన్నుంచి తప్పించుకోలేం. నిలబడి తీస్తే వల విసిరే మనిషి కళ్ల దగ్గర ఆ గీత పడుతుంది. మోకాలి ఎత్తుకు దించితే మనిషి ఆకాశంలోకి లేస్తాడు, చేతిలోని వల విడిగా కనిపిస్తుంది. మనిషిని ఫ్రేము మూలకు మాత్రం నెట్టకండి. ఇరుసుకు 45 డిగ్రీల పక్కన ఉన్న ముఖం అడ్డంగా ఒకింత, మూల వైపు రెండింతలు సాగుతుంది. పెళ్లి గ్రూప్ ఫొటోల్లో చివరనున్న మేనత్తలు లావుగా కనిపించడానికి కారణం ఇదే. వారి తప్పేమీ లేదు.

ఏలూరు జిల్లాలోనే దీనికి సరిగ్గా వ్యతిరేకమైన చోటు గుంటుపల్లి. కామవరపుకోట దగ్గర కొండలో తొలిచిన గుండ్రటి చైత్యంలో పూరిపాక వాసాల్లా చెక్కిన రాతి పక్కెలు పైకప్పు మధ్యలో కలుస్తాయి. మధ్యలో స్తూపం, చుట్టూ ప్రదక్షిణకు సన్నటి దారి. వెనక్కి జరగడానికి చోటు లేదు. ఇక్కడ వెడల్పు నిజంగానే అవసరం. కెమెరాను నేల మీదికి దించి, నిట్టనిలువుగా పైకి చూపితే తల మీది వాసాలు విచ్చుకుంటాయి. కాస్త వాలినా ఒక పక్క కూలుతున్నట్టు వస్తుంది. పోలరైజర్ ఫిల్టరు మీద మోజున్నవారు బయటికొచ్చాక ఒకటి గమనించాలి. సూర్యుడికి 90 డిగ్రీల దిక్కున మాత్రమే అది ఆకాశాన్ని బాగా ముదురు చేస్తుంది. వంద డిగ్రీల బొమ్మలో ఆ ముదురు ఒక పట్టీగా కనిపించి అసహ్యంగా ఉంటుంది. తీసేయడం మంచిది.

జూమ్ రింగు మీద అంకెల్ని కూడా పట్టించుకోవాలి. చాలా వైడ్ జూమ్‌లలో ముందు గుంపు, వెనక గుంపు దూరమైతే వెడల్పు పెరుగుతుంది, దగ్గరైతే తగ్గుతుంది. రింగు మధ్యలో ఎక్కడో ఆపేస్తే తర్వాత అదే కోణం దొరకదు. ఇది ఇక్కడివారికి పెద్ద విషయమని నేను నమ్ముతాను. 1999లో 308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టిన ఆపరేషన్ కొల్లేరు. ఇంత జరిగిన సరస్సులో ఏ గట్టు పోయిందో, ఏది మళ్లీ లేచిందో చూపే నేలమీది బొమ్మలు పక్షుల బొమ్మలంత విరివిగా లేవు. ఉపగ్రహం పైనుంచి చూస్తుంది, గట్టు ఎంత ఎత్తో, నీటి మీద గుర్రపుడెక్క ఎంత మందమో చెప్పదు. టోపోగాన్ చేసిన పనిని కొల్లేటి ఊళ్లలో కెమెరా ఉన్న ఏ కుర్రాడైనా చేయొచ్చు. పెద్దింట్లమ్మ జాతరకు కొల్లేటికోట వెళ్లే దారిలో ఒక వంతెననో, ఒక మైలురాయినో ఎంచుకోవాలి. ఏటా రెండుసార్లు, వానలు తగ్గాక ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి, అక్కడే నిలబడి, రింగును 16 దగ్గర పూర్తిగా ఆనించి ఒకటి, 35 దగ్గర ఆనించి ఒకటి తీయాలి. లెన్సు నేలకు ఎంత ఎత్తున ఉందో, ఏ దిక్కు చూస్తోందో, ఆ రోజు తేదీ ఏమిటో ఫైలు పేరులోనే రాసిపెట్టుకోవాలి. నీరు మిగిలిన మేర, గట్టు పాకిన మేర ఆ జతల్లో కొలుచుకోవచ్చు.