ఎర్రదీపం ఏమంటున్నది?

రాత్రి పదకొండు దాటింది. బయట గూడ్సు బండి కూత సన్నగా వినిపిస్తున్నది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలోని ఒక చిన్న ఇంట్లో బల్లమీద కొత్త కంప్యూటరు, దాని ముందు దిగులుగా ఒక అమ్మాయి. ఆ ఊరి తెలుగు ఇళ్ళలో ఏ ఇంట్లోనైనా ఈ దృశ్యాన్ని ఊహించవచ్చు.

ఇంజనీరింగు చదువుతున్న ఆ అమ్మాయి, అమ్మమ్మ చీటీ పాడి ఇచ్చిన డబ్బుతో విడిభాగాలు కొని, రెండు సాయంత్రాలు కష్టపడి తన చేతులతోనే వాటిని అమర్చింది. స్విచ్చి నొక్కగానే పంకాలు తిరిగాయి, దీపాలు వెలిగాయి. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. సామాను మార్చుకోవడానికి దుకాణదారు ఇచ్చిన గడువు వారం రోజులు. ఈలోగా ఏ భాగంలో దోషమున్నదో తేలకపోతే చీటీ డబ్బు నీళ్ళపాలే.

సిగ్నలు శాఖలో పనిచేసి రిటైరైన తాతయ్య నిద్రపట్టక లేచి వచ్చాడు.

“ఏటమ్మా, ఇంకా ఎలగలేదేటి?”

“లేదు తాతా. బోర్డే పోయిందనుకుంటాను.”

“పోయిందని నీకెవులు సెప్పారు?”

కొత్తగా అమర్చిన కంప్యూటరు మొదటిసారి మొరాయించినప్పుడు ప్రతివారూ వేసుకోవలసిన ప్రశ్న ఇదే.

ఆగడం వేరు, చెడడం వేరు

బెంగాల్–నాగపూర్ రైల్వే వచ్చిన తరువాత పెరిగిన ఊరు ఖరగ్‌పూర్. వర్క్‌షాపులలో, యార్డులలో, ఇంజను షెడ్లలో పనికోసం శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి తరలివచ్చిన తెలుగువారు తరతరాలుగా అక్కడే స్థిరపడ్డారు. 1072.5 మీటర్ల పొడవుతో ఒకప్పుడు ప్రపంచంలోనే మొదటి స్థానం పొందిన ప్లాట్‌ఫారం ఈ స్టేషనుదే. ఇన్ని దారులు కలిసేచోట బండ్లు ఒకదానికొకటి అడ్డు రాకుండా చూసే పనిని ఒకనాడు లీవర్లూ తీగలూ, తరువాత విద్యుత్ రిలేలూ నిర్వహించాయి. 2017లో ఆ బాధ్యత ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌కు అప్పగించబడింది. సుమారు 800 మార్గాలను అది అదుపులో ఉంచుతుంది.

సాధనం మారినా సూత్రం మారలేదు. ఏ చిన్న షరతు నెరవేరకపోయినా సిగ్నలు ఎర్రగానే ఉండాలి. పట్టా సరిగా అతుక్కోలేదా? ముందు దారిలో బండి ఉన్నదా? తీగ తెగిందా? కారణమేదైనా సరే, సందేహమున్నంతవరకు ఎరుపే. కనుక ఎర్రదీపాన్ని చూసి సిగ్నలు చెడిపోయిందనుకొనే రైల్వే ఉద్యోగి ఉండడు. ఏ షరతు నెరవేరలేదని అతడు ఆరా తీస్తాడు.

కంప్యూటరు స్వభావమూ ఇంచుమించు ఇదే. తెర వెలగని కొత్త యంత్రాలలో నిజంగా ఏ భాగమో చచ్చిపోయినవి కొన్ని ఉండవచ్చు. కాని ఏదో ఒక షరతు తీరక మధ్యలో ఆగినవీ ఉంటాయి. ఈ రెంటినీ వేరుచేయడానికి యంత్రం మేలుకొనే క్రమం తెలియాలి.

మేలుకొనే క్రమం

గోడలోని 230 వోల్టుల విద్యుత్తును పవర్ సప్లై 12, 5, 3.3 వోల్టులుగా మార్చి పంచుతుంది. స్విచ్చి నొక్కగానే ప్రాసెసర్ లేచి కూర్చోదు. వోల్టేజీలు నిలకడకు వచ్చిన తరువాత, సెకనులో పదోవంతు మొదలు సగం సెకను లోపల, పవర్ సప్లై “పవర్ గుడ్” అనే సంకేతం పంపుతుంది. రైల్వే భాషలో చెప్పాలంటే ఇది లైన్ క్లియర్. అది అందేవరకు ప్రాసెసర్‌ను కదలనివ్వరు.

అది అందగానే ప్రాసెసర్ ముందుగా నిర్ణయించబడిన ఒక చిరునామాకు వెళ్ళి, మదర్‌బోర్డుమీది చిప్పులో శాశ్వతంగా రాసివున్న ప్రోగ్రామును చదవనారంభిస్తుంది. పాత యంత్రాలలో దీనిని బయాస్ అనేవారు; ఇప్పటివాటిలో యు.ఇ.ఎఫ్.ఐ. ఈ ప్రోగ్రాము మెమరీని, గ్రాఫిక్స్‌ను, డిస్కులను వరుసగా పలకరించి పరీక్షిస్తుంది. అన్నీ బదులు పలికితేనే డిస్కులోని ఆపరేటింగ్ సిస్టమ్‌కు పగ్గాలు అప్పగిస్తుంది.

ఇటీవలి బోర్డులలో అనేకం ఈ ప్రయాణాన్ని నాలుగు చిన్న దీపాలతో చూపుతాయి: ప్రాసెసర్, మెమరీ, గ్రాఫిక్స్, బూట్. ఏ మజిలీ దగ్గర యంత్రం ఆగిందో అక్కడి దీపం ఆరకుండా నిలిచిపోతుంది. దీపాలు లేనిచోట చిన్న స్పీకరు ఒకటి తగిలిస్తే, అది వేసే కూతల సంఖ్యే దోషాన్ని చెబుతుంది. ఏ కూతకు ఏ అర్థమో బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

సగం సులువైన తప్పులే

అన్నిటికన్నా ముందు కంటితో చూడవలసినవి కొన్ని ఉన్నాయి. పవర్ సప్లై వెనుక ఉండే చిన్న స్విచ్చి వేసి ఉన్నదా? బోర్డు అంచున ఉండే పెద్ద ప్లగ్గు కాక, ప్రాసెసర్ పక్కన దానికోసమే ప్రత్యేకంగా ఉండే 12 వోల్టుల ప్లగ్గు పెట్టారా? దీనిని మరచిపోతే పంకాలు తిరుగుతాయి, తెర వెలగదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు మానిటరు తీగను దానికే తగిలించాలి. బోర్డుకు తగిలించి, తెర రాలేదని దిగులుపడేవారు ఎందరో. క్యాబినెట్‌లో అవసరం లేనిచోట బిగించిన ఇత్తడి మేకు ఒకటి బోర్డు అడుగున తగిలినా యంత్రం మూగబోతుంది.

ఇవన్నీ సరిగా ఉంటే అసలు పరీక్ష మొదలవుతుంది. దాని సూత్రం ఒక్కటే: తగ్గించుకుంటూ పోవాలి. ప్లగ్గు పీకి, బోర్డును క్యాబినెట్ నుంచి తీసి, అది వచ్చిన అట్టపెట్టెమీద పెట్టాలి. ప్రాసెసర్, దాని పంకా, ఒకే ఒక మెమరీ ముక్క, పవర్ సప్లై: ఇంతే ఉండాలి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేనప్పుడు మాత్రం కార్డు కూడా అవసరం. ఈ కొద్దిపాటి సరంజామాతో తెర వెలిగిందా, దోషం తీసిపెట్టినవాటిలో ఉన్నది. వాటిని ఒక్కొక్కటిగా తిరిగి చేర్చాలి. ఒకేసారి రెండు మార్చితే ఏది మందో, ఏది జబ్బో తెలియదు.

అప్పటికీ వెలగకపోతే మెమరీని కూడా తీసివేసి స్విచ్చి నొక్కాలి. యంత్రం మెమరీ దీపం వెలిగించో, కూత వేసో ఫిర్యాదు చేసిందంటే సంతోషించవలసిందే. పవర్ సప్లై, బోర్డు, ప్రాసెసర్ అంతవరకు బతికే ఉన్నాయన్నమాట. ఫిర్యాదు చేయగల స్తోమత ఉండి కూడా అది మౌనం వహిస్తే, అనుమానం ఆ మూడింటిమీదికి మళ్ళుతుంది. ప్రాసెసర్ కొత్తదై, బోర్డులోని ప్రోగ్రాము పాతదైనప్పుడు కూడా ఇలాగే జరుగుతుంది. ఒకరినొకరు గుర్తించరు.

ఒక్క హెచ్చరిక. పవర్ సప్లై పెట్టెను మాత్రం ఎన్నడూ విప్పరాదు. ప్లగ్గు తీసినా దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ఆత్రంలో ప్రాసెసర్‌ను పైకీ కిందికీ తీయడమూ మంచిది కాదు. సాకెట్‌లోని సన్నని సూదులు ఒక్కటి వంగినా, బాగున్న బోర్డు కాస్తా నిజంగానే పోతుంది.

పాత పాఠమే

ఈ పద్ధతి నేటిది కాదు. ఖరగ్‌పూర్‌కు రెండు మూడు గంటల రైలు దూరంలోని కలకత్తాలో, భారత గణాంక సంస్థకు 1955లో ఇంగ్లండు నుంచి హెచ్.ఇ.సి.–2ఎమ్ అనే యంత్రం వచ్చింది. మన దేశంలో అడుగుపెట్టిన మొదటి డిజిటల్ కంప్యూటరు అది. వాల్వులతో పనిచేసేది, తిరిగే అయస్కాంత డ్రమ్మే దాని మెమరీ. 1966లో అదే సంస్థ, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం కలిసి ఐ.ఎస్.ఐ.జె.యు.–1 అనే ట్రాన్సిస్టర్ కంప్యూటరును స్వయంగా నిర్మించాయి. చెడిన భాగాన్ని మార్చి తెచ్చుకొందామంటే పక్కవీధిలో దుకాణం లేని కాలమది. యంత్రం ఆగితే ఒక్కొక్క సర్క్యూటును వేరుచేసి, బాగున్నదాన్ని బాగున్నదని రుజువు చేసుకుంటూ దోషంవైపు నడవవలసిందే. యంత్రాలు అరచేతిలోకి కుదించుకుపోయినా ఆ నడక మారలేదు.

తెర వెలిగిన వేళ

తాతయ్యకు మెమరీ అంటే తెలియదు. కాని దీపం సంగతి తెలుసు. “ఎర్రది ఏ పక్కనుంది?” అని అడిగాడు. అమ్మాయి వంగి చూసింది. మెమరీ దగ్గర.

రెండు ముక్కలూ బయటికి తీసింది. పుస్తకం చూసి, ఒకదానిని ప్రాసెసర్ వైపునుంచి రెండవ గాడిలో పెట్టి నొక్కింది. “టక్” మన్నది. మొదట పెట్టినప్పుడు ఆ చప్పుడు రాలేదన్న సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. స్విచ్చి వేసింది. మళ్ళీ అదే దీపం, అదే చీకటి. ఆమె చేయి స్విచ్చి మీదికి పోయింది.

“ఉండమ్మా. తొందరెందుకు?”

ఆ మాట వైద్యంలో సగం. ఐదవ తరం డి.డి.ఆర్. మెమరీ ఉన్న యంత్రం మొట్టమొదటిసారి లేచినప్పుడు, సంకేతాలు ఏ క్షణాన పంపితే తప్పు లేకుండా చేరుతాయో ఒక్కొక్కటిగా సరిచూసుకుంటుంది. దీనికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. చెడిపోయిందని మధ్యలో ఆపివేస్తే ఆ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

ఒక నిమిషం. రెండు. మూడు. దీపం ఆరింది. తెరమీద తెల్లని అక్షరాలు మెరిశాయి: బూట్ చేయడానికి తగిన డిస్కు కనబడలేదు.

అమ్మాయి ముఖం వాడిపోయింది. “మళ్ళీ ఏదో తప్పంటున్నది తాతా.”

నిజానికి అది తప్పు కాదు. కొత్త డిస్కులో ఇంకా ఆపరేటింగ్ సిస్టమ్ వేయలేదు. పవర్ సప్లై, ప్రాసెసర్, మెమరీ, తెర అన్నీ తమ పని చేసి, చివరి మజిలీలో ఎక్కవలసినవారికోసం ఎదురుచూస్తున్నాయి. ఆ సంగతి ఆమె విడమరచి చెబితే తాతయ్య నవ్వాడు.

“అయితే బండి ప్లాట్‌ఫారం మీదికొచ్చేసినట్టే. ఇక రేప్పొద్దున్న ఎక్కుదువుగాని, పడుకో.”

దుకాణానికి తిరిగి ఇవ్వవలసిన వస్తువు ఒక్కటీ లేదు.