రోగి పక్కన నాలుగు ప్రశ్నలు

డాక్టరు రోగిని చూసేది రోజుకు అయిదు, పది నిమిషాలు. తక్కిన కాలమంతా రోగిని కనిపెట్టుకుని ఉండేది నర్సు. ఆసుపత్రికి దూరమైన మా పల్లెల్లో ఆ పని తల్లి మీదో, అక్క మీదో, పొలం నుంచి పరుగెత్తుకొచ్చిన అన్న మీదో పడుతుంది. నర్సింగు విద్యార్థులను అడిగే తరహా ప్రశ్నలు నాలుగు ఇక్కడ ఇస్తున్నాను. జవాబు చూడకముందు చదువరులు ఒక్క క్షణం ఆలోచించుకోవాలని మనవి.

1. బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళు ఆపాలా, తాగించాలా?

తాగించాలి. నీళ్ళిస్తే ఇంకా పోతాయని మన పెద్దలు కట్టడి చేస్తారు. కాని బిడ్డ ప్రాణం తీసేది ఎక్కువగా ఒంట్లో నీరూ, లవణాలూ తరిగిపోవడమే. చిన్నప్రేగు గోడలో సోడియం, గ్లూకోజు జోడెడ్లలాగా కలిసి లోపలికి పోతాయి. వాటి వెంట నీరు పోతుంది. విరేచనాల్లో కూడా ఈ దారి మూసుకుపోదు. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణాన్నే తాగించారు. అక్కడ మరణాలు నూటికి 30 నుంచి 4 లోపుకు దిగాయి. ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దాని మీద రాసినంత నీటిలో మొత్తం కలపాలి. దొరక్కపోతే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలపాలి. కొద్దికొద్దిగా పట్టాలి. చనుపాలు మానరాదు. బిడ్డ మగతగా ఉండి తాగలేకపోతే ఇక ఆసుపత్రికే.

2. పక్షవాతంతో మంచాన పడిన తాతను ఎంతసేపటికొకసారి పక్కకు తిప్పాలి?

సుమారు రెండు గంటలకొకసారి. ఒంటి బరువంతా ఒకేచోట పడితే చర్మంలోని సన్నని రక్తనాళాలు నొక్కుకుపోయి, నెత్తురందక కండ చచ్చి పుండు పడుతుంది. నడుము కింద, తుంటి, మడమలు రోజూ చూడాలి. వేలితో నొక్కినా తగ్గని ఎరుపు మొదటి గుర్తు. చామనచాయ ఒంట్లో ఎరుపు కనిపించకపోవచ్చు; వేడిగా, గట్టిగా తగులుతుంది. అక్కడ నూనె పెట్టి రుద్దరాదు, ఒత్తిడి తీసేయాలి.

3. పాము కరిచిన కాలికి తాడు బిగించాలా?

వద్దు. కోయవద్దు, నోటితో పీల్చవద్దు. గట్టి కట్టువల్ల నెత్తురాగి కాలే పోవచ్చు. కాలు కదలకుండా బద్ద పెట్టి, నడిపించకుండా మోసుకుపోవాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర - ఈ నాలుగింటికీ కలిపి మన దేశంలో ఒకే విరుగుడు సూది ఉంది. రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కరిచే కట్లపాము కాటు నొప్పి కూడా పెట్టకపోవచ్చు. కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దకట్టడం ఊపిరికి రాబోయే ప్రమాదానికి గుర్తులు. మంత్రం వేయించుకునేలోగా ఆ సమయం గడిచిపోతుంది.

4. పొలంలో పురుగుమందు కొట్టిన మనిషి చొంగ కారుస్తూ, చెమటలు పట్టి, కంటిపాపలు సూదిమొనంతై పడిపోయాడు. మొదట ఏం చేయాలి?

గాలి తగిలే చోటికి తెచ్చి, బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్ళంతా కడగాలి. కొన్ని మందులు చర్మం గుండానే నెత్తుట్లోకి ఎక్కి, నరాల సంకేతాన్ని ఆపే ఎంజైమును పనిచేయనీయవు. అందుకే ఈ స్రావాలన్నీ. కడిగేవాళ్ళు చేతులకు తొడుగులు, లేదంటే ప్లాస్టిక్ సంచులైనా వేసుకోవాలి. తెలివి లేనివాడి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టాలి. 108కి ఫోను చేసి, మందు డబ్బా వెంట తీసుకుపోవాలి. దాని పేరు చూస్తే డాక్టరుకు విరుగుడు తేలికవుతుంది.

ఈ నాలుగింటిలోనూ తప్పు జవాబు చెప్పేది ప్రేమలేనివాళ్ళు కారు. నీళ్ళు ఆపే తల్లికీ, తాడు కట్టే అన్నకూ ప్రేమకేం కొదవ? కావలసింది కారణం తెలియడం. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860లో లండనులో నర్సులకు పాఠశాల పెట్టించింది కూడా ఉపచారం నేర్చుకోవలసిన విద్య అనే కదా! మన కళాశాల ఎన్.ఎస్.ఎస్. మిత్రులు ఈసారి శిబిరానికి వెళ్ళినప్పుడు రోడ్డు వేయడంతోపాటు, ఈ నాలుగు జవాబులనూ ఆ ఊరి బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి వస్తే బాగుంటుందని నా ఆశ.