యువజనుల నిద్రయు సెల్‌ఫోనును

ఆహారము, నీరు, గాలి ఎట్లో, నిద్రయు దేహమునకు అట్లే అత్యావశ్యకమైనది. ఆహారము చాలనిచో దేహము కృశించుట కంటికి కనబడును. నిద్ర చాలనిచో కలుగు నష్టము అట్లు వెంటనే కనబడదు. వేరొక పేరుతో కనబడును. పదునారేండ్ల బాలుడు తరగతిలో ఆవులించినచో సోమరి యందురు. చిన్న మాటకు కసురుకొన్నచో పెంకెవా డందురు. చదివినది మరచినచో శ్రద్ధ లేదందురు. ఆ బాలుడు గత రాత్రి ఎన్ని గంటలు నిద్రించెనో విచారించువారు అరుదు.

2016 తరువాత మన దేశమున ఇంటర్నెట్టు చౌక యైనది. 2020లో కోవిడ్ వ్యాధి కారణమున పాఠశాలలు మూతపడి, పాఠములు సెల్‌ఫోను ద్వారా జరిగినందున, అంతవరకు ఫోను లేని పిల్లల చేతికిని అది వచ్చినది. పాఠశాలలు మరల తెరచిరి గాని ఫోను పిల్లల చేతిలోనే నిలిచిపోయినది. ఫోను చెడ్డదని చెప్పుట ఈ చిన్న పుస్తకమున ఉద్దేశము కాదు. పాఠము, పరీక్షా ఫలితము, రైలు టిక్కెట్టు, ఉద్యోగ ప్రకటన ఇవన్నియు నేడు అందులోనే ఉన్నవి. అది రాత్రివేళ పడకమీదికి వచ్చినపుడు యువజనుల నిద్రకు ఏమి జరుగునో, దానిని ఇంటిలోనే ఎట్లు సరిదిద్దుకొనవచ్చునో తెలుపుటయే ఉద్దేశము.

ఎంత నిద్ర కావలెను?

నిద్రాశాస్త్ర నిపుణులు అమెరికాలో 2016లో ఏకాభిప్రాయముతో ప్రకటించిన దానినిబట్టి, 6 నుండి 12 ఏండ్ల పిల్లలకు దినమునకు 9 నుండి 12 గంటలు, 13 నుండి 18 ఏండ్ల వారికి 8 నుండి 10 గంటలు నిద్ర అవసరము. పెద్దలకు కనీసము 7 గంటలు. మీసము మొలచినంతనే పెద్దవారివలె ఆరేడు గంటలు చాలునని మన ఇండ్లలో తలచుట పొరపాటు.

నిద్ర యనగా దేహము ఊరక పడియుండుట కాదు. 1953లో చికాగో విశ్వవిద్యాలయమునందు యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ అనువారు, నిద్రించువారి కనుగ్రుడ్లు కొన్ని వేళల రెప్పలక్రింద వేగముగా కదలుచుండుటను గమనించి ప్రకటించిరి. ఆ వేళలందు మెదడు మిక్కిలి చురుకుగా నుండునని, స్పష్టమైన కలలు ఎక్కువగా అప్పుడే వచ్చునని తేలినది. నిద్ర సుమారు 90 నిమిషములకొక ఆవృత్తిగా నడచును. రాత్రి మొదటి భాగమున గాఢనిద్ర ఎక్కువ. ఎదుగుదలకు తోడ్పడు హార్మోను అధికముగా స్రవించునది అపుడే. తెల్లవారుజామున స్వప్ననిద్ర ఎక్కువ. పగలు నేర్చినది మెదడులో స్థిరపడుటకు రాత్రి నిద్ర సంపూర్ణముగా సాగవలెను. ఆలస్యముగా పరుండి వేకువనే లేచువాడు ముఖ్యముగా ఆ చివరి భాగమును పోగొట్టుకొనుచున్నాడు. పరీక్ష ముందు రాత్రి జాగరణము చేసి చదువుట వలన లాభముకన్న నష్టమే ఎక్కువ యని చెప్పుటకు ఇదియే కారణము.

ఈడు వచ్చిన పిల్లల గడియారము

మన మెదడు అడుగుభాగమున, హైపోథలమస్ అనుచోట, వడ్లగింజకన్న పెద్దవి కాని నాడీకణముల గుంపులు గలవు. అవియే దేహమునకు గడియారము. ఆకలి, దేహపు వేడిమి, నిద్ర, మెలకువ వీనికి వేళలు ఏర్పరచునవి అవియే. ఇట్టి గడియారము కణములలో ఎట్లు నడచునో చిన్న ఈగలపై పరిశోధించి కనుగొన్నందులకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ అను ముగ్గురకు 2017లో నోబెల్ బహుమానము లభించినది. చీకటి పడిన పిమ్మట ఈ గడియారము ఆజ్ఞచొప్పున పీనియల్ గ్రంథినుండి మెలటోనిన్ అను పదార్థము రక్తములో చేరును. ఇక రాత్రి యైనదని దేహమునకు తెలుపు చాటింపు అది.

ఈడు వచ్చు కాలమున ఈ గడియారము సహజముగనే ఒకటి రెండు గంటలు ఆలస్యముగా నడచును. అది మన పిల్లల దోషము కాదు. అనేక దేశములలో గమనించిన సంగతి. కావున పదునేడేండ్ల అమ్మాయి "తొమ్మిదింటికే నాకు నిద్ర రావడం లేదమ్మా" అన్నచో అది అబద్ధము కాదు. అయితే ఉదయపు బస్సు మాత్రము ఆమె కొరకు ఆలస్యముగా రాదు. ఒకవైపు ఆలస్యముగా వచ్చు నిద్ర, మరొకవైపు వేకువనే మ్రోగు కాలేజీ గంట. ఈ రెంటినడుమ ఆమె నిద్ర ముందే ఇరుకున పడియున్నది. సరిగా అక్కడనే ఫోను వచ్చి కూర్చుండుచున్నది.

లెక్క చూడుడు. ఇంటర్మీడియేటు చదువు బాలుడు ఉదయము 5.30కు లేవవలెను. రాత్రి 10.30కు పుస్తకము మూసి, ఒక్క పది నిమిషములని ఫోను తీసి, 12.30కు పరుండినచో అతనికి 5 గంటల నిద్ర దొరకును. కనీసము 8 గంటలు కావలెను గనుక దినమునకు 3 గంటలు, వారమునకు ఆరు పనిదినములలో 18 గంటలు లోటు. రెండు నిండు రాత్రుల నిద్ర ఇట్లు పోయినది. ఫోను లేకున్నను అతనికి 7 గంటలే దొరకెడివి. ఆ ఒక గంట లోటు కాలేజీ వేళలది. మిగిలిన రెండు ఫోనువి. ఈ రెండు తప్పులను వేరుచేసి చూడక నిందనంతయు ఫోనుమీదనే మోపుట న్యాయము కాదు. కళాశాలల వేళలను ఏర్పరచువారును ఈ సంగతి ఆలోచింపదగినది.

ఫోను నిద్రను ఎట్లు హరించును?

తెరయొక్క నీలికాంతియే సర్వదోషములకు మూలమని పలువురు నమ్ముచున్నారు. ఇందు కొంత నిజము గలదు. కంటి లోపలి పొరయందు వెలుతురును గ్రహించి దేహపు గడియారమునకు తెలుపు ప్రత్యేక కణములు గలవని 2002లో రుజువైనది. నీలికాంతి వానిని మిక్కిలి ప్రేరేపించును. 2015లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 12 మంది వయోజనులు కొన్ని రాత్రులు నాలుగేసి గంటలు వెలుగు తెరపైనను, మరికొన్ని రాత్రులు అచ్చు పుస్తకములోనను చదివిరి. తెరపై చదివినపుడు మెలటోనిన్ గంటన్నర ఆలస్యముగా స్రవించినది. అయితే నిద్ర పట్టుటకు వారికి అదనముగా పట్టినది సుమారు 10 నిమిషములే. కాబట్టి తెరకు పసుపురంగు పెట్టుకొన్నచో ఇక భయము లేదని, రాత్రి ఎంతసేపైనను చూడవచ్చునని తలచుట భ్రమ.

అసలు నష్టము కాలమునకును మనస్సునకును సంబంధించినది. పూర్వము సినిమా చివర "శుభం" అని పడగనే జనము లేచి ఇంటికి పోయెడివారు. వారపత్రికలోని నవల "సశేషము" అనుచోట ఆగెడిది. తరువాయి భాగమునకు వారము వేచియుండక తప్పదు. ఫోనులోని దృశ్యములకు శుభమును లేదు, సశేషమును లేదు. ఒకటి ముగియక ముందే మరొకటి తనంతట తానే వచ్చును. చాలు అని చెప్పు భారమంతయు చూచువానిపైననే పడినది. అదియు అలసి, నిద్రముంచుకొని వచ్చు వేళ, నిగ్రహము మిక్కిలి సన్నగిల్లిన వేళ. దానిని తయారుచేసినవారు ఎరుగక అట్లు చేయలేదు.

ఇక మనస్సు సంగతి. ఆట గెలుపోటములు, స్నేహితురాలు పంపిన ఒక ముక్తసరి మాట, తన ఫొటోకు ఎందరు మెచ్చుకొనిరో యను ఆత్రము, ఇవి గుండెవేగమును పెంచి మనస్సును మేల్కొలుపును. ఫోను దిండుక్రింద ఊరక ఉన్నను, ఏదో వచ్చియుండునేమో యని చెవి దానివైపే ఉండును. 2016లో 20 పరిశోధనలను, అందలి 1,25,198 మంది పిల్లల వివరములను కలిపి పరిశీలింపగా, పడుకొనువేళ ఇట్టి పరికరములను వాడువారిలో నిద్ర చాలకపోవుట సుమారు రెండు రెట్లు అధికముగా కనబడినది. వాడకపోయినను పరికరము పడకగదిలో అందుబాటున నున్న పిల్లలలోను నిద్ర తక్కువగనే ఉండినది. ఇందు ఒక మెలిక గలదు. నిద్రపట్టని పిల్లవాడు విసుగుతో ఫోను తీయుటయు కద్దు. ఏది ముందు, ఏది వెనుక యని ప్రతి ఇంటను కనిపెట్టి చూడవలెను.

ఆదివారపు నిద్ర

వారమంతయు తరిగిన నిద్రను ఆదివారము పదిన్నర వరకు పరుండి పూరింపజూతురు. అలసట కొంత తీరును గాని, గడియారము తప్పిపోవును. కువైటునకు పోయివచ్చువారు ఎరుగుదురు, అచటి కాలము మనకన్న రెండున్నర గంటలు వెనుక. ప్రతి ఆదివారము ఐదు గంటలు ఆలస్యముగా లేచు బాలుడు కువైటును దాటి మరియొక అంతదూరము పోయి, సోమవారము వేకువకు తిరిగి వచ్చినట్లే. ఆదివారమున ఒక గంట అధికముగా నిద్రించుట చాలును. ఇంకను అలసట యున్నచో మధ్యాహ్నము మూడు గంటలలోపల అరగంట కునుకు తీయవచ్చును.

నిద్రలేమి వలన కోపము, దిగులు పెరుగును, ఏకాగ్రత తరుగును, ఆకలి హద్దు మీరి దేహము బరువెక్కును. ఇవి మెల్లగా వచ్చు కష్టములు. మెల్లగా రాని దొకటి గలదు. వరుసగా 17 గంటలు మేలుకొన్నవాని చేతిపట్టు, చూపునేర్పు, రక్తమున 0.05 శాతము మద్యమున్నవానితో సమానమగునని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపిరి. మన మోటారు వాహనముల చట్టము అనుమతించు హద్దు 0.03 శాతమే. అర్ధరాత్రి దాటువరకు మేలుకొని, వేకువజామున మోటారుసైకిలెక్కి హైవే మీదికి పోవు కుమారుని చేత మద్యపు వాసన లేదని ఏ తండ్రియు ధైర్యపడి ఉండరాదు.

ఇంటిలో చేయవలసిన పని

అన్నిటికన్న ఫలవంతమైనది, ఫోనునకు పడక వేరుచేయుట. ప్రత్యేకమైన పడకగదులు లేని ఇండ్లు మన దేశమున అనేకములు. అట్టిచోట వంటింటి గూడుగాని, తాళము వేయు బీరువాగాని చాలును. చేయి చాచిన అందరాదు, అంతే. చార్జరును కూడ అక్కడనే ఉంచవలెను. "అలారం కోసం ఫోను కావాలి" అందురు. చిన్న అలారము గడియారమును కొనిపెట్టుడు.

ఈ నియమము పిల్లలకు మాత్రమే పెట్టినచో నాలుగు దినములైనను నిలువదు. తండ్రి మంచముమీద వార్తలు చూచుచు కుమారుని మందలించుట వలన ఫలమేమి? "నాన్నా, నీ ఫోనుతోబాటు నాదీ ఇక్కడే పెడుతున్నాను" అని తాను ముందు పెట్టవలెను. ఫోనును లాగికొనుట, పగులగొట్టుట, నలుగురిలో అవమానించుట తగదు. అది దొంగచాటు వాడుకకు దారితీయును. దక్షిణ కొరియాలో 16 ఏండ్లలోపు వారు అర్ధరాత్రి నుండి ఉదయము 6 వరకు ఇంటర్నెట్టు ఆటలాడరాదని 2011లో చట్టము అమలుచేసి, 2022 ఆరంభమున దానిని తీసివేసిరి.

విదేశములందున్న అన్న, అక్క రాత్రి పదకొండింటికి వీడియోలో మాటలాడుట మన ఇండ్లలో వాడుక యైనది. అమెరికాలో శనివారము రాత్రి యైనపుడు మనకు ఆదివారము ఉదయము. ఆ వేళను కుదుర్చుకొన్నచో ఎవరి నిద్రకును భంగము లేదు. హాస్టలులోని విద్యార్థులు గదిలోని నలుగురును కలిసి ఒక వేళకు ఫోనులు ఒకే పెట్టెలో పెట్టుకొనుట మేలు. ఒక్కడే పెట్టుట కష్టము.

సాయంకాలము ఐదు దాటిన పిదప కాఫీ, టీలు మానవలెను. తాగిన కాఫీ సారములో సగము ఐదారు గంటల తరువాతను దేహములోనే ఉండును. ఉదయము లేచినంతనే డాబాపైనో, వాకిటనో అరగంట వెలుతురులో ఉన్నచో గడియారము ముందునకు జరుగును. మొదటి వారము త్వరగా పరుండినను నిద్ర రాక పొరలుట సహజము. దానికి భయపడి ఫోను తిరిగి ఇవ్వరాదు. లేచు వేళను మార్చరాదు. పడుకొను వేళను మూడు నాలుగు దినములకొక పావుగంట చొప్పున ముందునకు తెచ్చుట సుళువు.

వైద్యుని సంప్రదింపవలసినపుడు

ఫోను తొలగించినను మూడు నాలుగు వారములు నిద్రపట్టనిచో వేరు కారణము ఉండవచ్చును. నిద్రలో గట్టిగా గురక పెట్టి ఉలికిపడుట, కాళ్ళు లాగుచున్నవని కదల్చుట, రక్తహీనత, దిగులు, భయము వీనిని వైద్యుడు పరీక్షింపవలెను. నిద్రమాత్రలుగాని, మెలటోనిన్ మాత్రలుగాని మందుల దుకాణమున కొని తామే ఇచ్చుట ప్రమాదకరము.

ఎక్కువగా ఫోను చూచు ప్రతి బాలుడును రోగి కాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో, 2022 జనవరి నుండి అమలులోనున్న కూర్పునందు, ఆటల వ్యసనము చేరినది. సెల్‌ఫోను వ్యసనమను వ్యాధి అందు వేరుగా లేదు. అయితే చదువు, స్నానము, భోజనము విడిచి, ఫోను తీసినంతనే ఉగ్రుడగు పిల్లవానికి సహాయము అవసరము. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థయందు 2014 నుండి ఇందులకై ప్రత్యేక చికిత్సాలయము నడచుచున్నది. అంత దూరము పోలేనివారు జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యుని చూడవచ్చును. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను నంబరున రాత్రింబవళ్ళు ఫోను చేయవచ్చును. రుసుము లేదు, తెలుగులోనే మాటలాడవచ్చును.