పుండును మాన్పు పురుగు

పుండుపై ఈగ వ్రాలినచో మనము తోలుదుము. అది ఉచితమే. కాని 1917లో, మొదటి ప్రపంచయుద్ధమునందు, ఫ్రాన్సులో విలియం బేర్ అను అమెరికా వైద్యుడు ఒక వింత గాంచెను. ఏడు దినములు దిక్కులేక పడియున్న ఇద్దరు సైనికుల గాయములనిండ పురుగులు. అయినను జ్వరము లేదు. కడిగి చూడగా క్రింద ఆరోగ్యమైన క్రొత్తకండ!

కారణమేమి? పచ్చఈగ పిల్లపురుగు తన స్రావముతో కుళ్ళిన కండను కరగించి పీల్చుకొనును. కుళ్ళునందే బ్రదుకవలసిన ఆ ప్రాణి స్రావములో సూక్ష్మజీవులను చంపు పదార్థములును కలవు. వానిలో లూసిఫెన్సిన్ అనుదానిని 2010లో చెక్ శాస్త్రజ్ఞులు గుర్తించిరి. మానని పుండ్లను శుభ్రపరచుటకు ఈ పురుగుల వాడుక 2004లో అమెరికా ప్రభుత్వానుమతి పొందినది.

అయితే బేర్ చికిత్సలోనే ధనుర్వాతము సోకినవారు కలరు. అందుచే నేడు వైద్యులు శుద్ధిచేసిన గ్రుడ్లనుండి పెంచిన పురుగులనే వాడుదురు. ఇంటి ఈగకు ఆ శుద్ధి లేదు. మన పుండ్లను మనము కప్పియే యుంచవలెను.